పిచ్చుక మెడకు పూసిన పసుపు

నా చిన్నప్పుడు బిజినేపల్లి దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనకున్న జొన్నచేనికి రెండు రకాల పిచ్చుకలు వచ్చేవి. ఒకటి మా ఇంటి చూరులో గూడు పెట్టేది, ఇంకొకటి చెట్టు తొర్రల్లో ఉండేది. మా తాత ఏటా మొదట పండిన కంకుల్ని కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీసేవాడు. అది ఇంటి పిచ్చుక వాటా. దాన్ని కొడితే ఇంటి మనిషిని కొట్టినట్టేనని ఆయన లెక్క. చేను మీద పడే చెట్టు పిచ్చుకను వడిసెలతో రాయి విసిరి కొట్టినా ఏమనేవాడు కాదు.

రెంటికీ తేడా నేర్పింది మా అవ్వ. చెట్టు పిచ్చుకకు మెడ కింద పసుపు పచ్చని మచ్చ ఉంటుంది, ముక్కు సన్నం, వీపంతా ఒకే రంగు. ఇంటి పిచ్చుక వీపు మీద నల్లటి గీతలుంటాయి. నేను మాత్రం పసుపు మచ్చ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను. మిగతాది వినే ఓపిక నాకెక్కడిది?

ఒక పొద్దున మంచె ఎక్కి వడిసెల తిప్పితే నిజంగానే ఒక పిట్ట రాలింది. ఎగిరి గంతేశాను. తీరా చేతిలోకి తీసుకుంటే మెడ కింద మచ్చ లేదు. పారేసి ఊరుకున్నా సరిపోయేది. కానీ నా గురి తాతకు చూపించుకోవాలన్న యావ ఊరుకోనివ్వలేదు. దొడ్డిదారిన వంటింట్లోకి దూరి, డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి దాని మెడకు పూశాను.

తాతకు అప్పటికే చూపు మందగించింది. "చెట్టు పిచ్చుకనేనా?" అంటూ పిట్టను అవ్వ చేతికిచ్చాడు. అవ్వ దాన్ని బోర్లించి వీపు చూసింది. తర్వాత నా వేళ్లు చూసింది. పసుపంటిన చేతులు వెనక్కి దాచుకున్నాను.

"ఔ, చెట్టు పిచ్చుకనే," అంది.

"భలే కొట్టినవ్ బిడ్డా!" అని తాత నా వీపు తట్టాడు.

ఆయన చేనికి పోయాక అవ్వ మెల్లగా అడిగింది. "మెడకైతే పసుపు పూసినవ్. వీపు మీది గీతలు ఏడ దాస్తవే?" తిట్టలేదు. చూరు వైపు చూపించింది. గూట్లో పిల్లలు ఒకటే అరుపు. "తల్లి లేకపాయె. పా, పురుగులు ఏరుకొద్దాం."

సాయంత్రం దాకా చేనంతా తిరిగి పచ్చపురుగులు ఏరాం. అవ్వ నిచ్చెన పట్టుకుంటే నేనెక్కి ఒక్కో నోట్లో పెట్టాను. మగపిట్ట కూడా తెస్తూనే ఉంది. మూడింటిలో రెండు పెరిగి ఎగిరిపోయాయి. చిన్నది మర్నాడే చచ్చిపోయింది.

తాతేమో కనిపించినవాళ్లందరికీ మనవరాలి గురి గురించి చెప్పుకునేవాడు. విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నిజం చెప్పమని అవ్వ ఒక్కసారీ అనలేదు. నా అంతట నేనే చెబుతానని ఎదురుచూసిందని చాలా ఆలస్యంగా అర్థమైంది. అప్పటికి తాత లేడు, అవ్వా లేదు. ఇప్పుడు నా మనవరాలు ఫోన్లో రెండు పిచ్చుకల ఫొటోలు చూపించి తేడా చెప్పమంటుంది. వీపు చూడమంటాను. నాకు తెలిసి అవ్వ తాతతో ఆడిన అబద్ధం ఆ పొద్దున చెప్పిందొక్కటే, అది నాకోసం ఆడింది. "అది మన ఇంటి పిట్టనే తాతా" అని నేనొక్క మాట చెప్పి ఉంటే, ఆమె దాన్ని చివరిదాకా మోయాల్సి వచ్చేది కాదు.