ముందు గది, వెనక హాలు

మొన్న ఒక తెలిసినావిడను చూడడానికి ఊరవతల కొత్తగా కట్టిన పెద్దవాళ్ల నివాసానికి వెళ్లాను. లోపల అడుగు పెట్టగానే ఫినాయిలు వాసన గుప్పున కొట్టింది. అక్కడి అమ్మాయి, పాపం, ఎంతో మర్యాదగా చెబుతోంది: తమ పని తాము చేసుకోగలిగినవారికి విడి గదులు, కాస్త సాయం కావలసినవారికి పై అంతస్తు, మంచాన పడ్డవారికి వేరే విభాగం. తలైతే ఊపుతున్నాను గాని ఒక్క ముక్క చెవికెక్కలేదు. నేను అప్పటికే మొఘల్‌పురాలో, కమలక్క ముందు నిలబడి ఉన్నాను.

డెబ్బైల మొదటి సంగతి ఇది. నాన్నకు సర్కారు ఉద్యోగం కావడంతో తెనాలి నుంచి హైదరాబాదు వచ్చాం. నర్సు చదువు అప్పుడే పూర్తిచేసి, అన్నీ నాకే తెలుసన్న మిడిసిపాటుతో ఉన్నదాన్ని. మొఘల్‌పురాలో ఒక ధాన్యం వ్యాపారుల కుటుంబం తమ పాత దేవిడీని, అంత పెద్ద లోగిలిని, దిక్కులేని ముసలివాళ్ల కోసం ఇచ్చేసింది. ఆ ఇంటి ఆడపడుచు, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న కమలక్క, దాన్ని నడిపేది. నేను అక్కడే నర్సుగా చేరాను. లావుపాటి కళ్లద్దాలు, బుగ్గన ఎప్పుడూ ఒక వక్కపలుకు. కూరగాయలవాడితో ఉర్దూలో, మాతో తెలుగులో ఒకే జోరుగా పోట్లాడేది.

వీధి వైపు ఎనిమిది గదులు. అక్కడివాళ్లు తమ చాయ్ తామే కాచుకునేవారు, తమ తలుపుకు తామే తాళం వేసుకునేవారు. వాకిలి దాటితే వెనక హాలు, పన్నెండు మంచాలు. అక్కడ తినిపించడం, ఒళ్లు తుడవడం అన్నీ మా చేతుల మీదుగానే. ముందు గది నుంచి వెనక హాలుకు వెళ్లినవాళ్లు మళ్లీ ముందుకు రావడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆ మాట అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కమలక్క మాత్రం తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, వేలితో తట్టి, లోపల్నుంచి రమ్మనేదాకా గడప బయటే ఆగేది. మందుల పళ్లెం పట్టుకుని నేనూ ఆవిడ వెనక ఆగాలి. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడో గదిలో నర్సమ్మవ్వ ఉండేది. పురానాపూల్ దగ్గర ఏళ్ల తరబడి పూలమ్మి బతికిన మనిషి. ఒకసారి కమలక్క నాలుగు రోజులు వరంగల్లులో బంధువుల పెళ్లికి వెళ్తూ ఇల్లు నాకు అప్పగించింది. రెండో రోజే అవ్వ స్టవ్వు వెలిగించి మరిచిపోయింది. గిన్నె మాడి, కిటికీ తెర అంచు కాలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్టవ్వు లాక్కుని, ఆయాల చేత ఆవిడ పక్కబట్టలు ఎత్తించి, వెనక హాల్లో మంచం వేయించాను. అవ్వ నోరెత్తలేదు. ఒప్పుకుందనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. ఆ సాయంత్రం ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. గోడవైపు తిరిగి పడుకుంది. గ్లూకోజు నీళ్లు పెదవికి తాకిస్తే పక్కకు కారిపోయాయి. నా చేతుల్లోనే మనిషి పోతుందేమోనని భయం పట్టుకుంది.

కమలక్క వచ్చి అంతా విన్నది. తిట్టలేదు. అవ్వ పక్కన ఖాళీగా ఉన్న మంచం చూపించింది.

"ఇయ్యాల నువ్వు దీని మీద పండుకో సిస్టరూ. లేవద్దు."

వేళాకోళమనుకున్నాను. కాదు. ఆయా వచ్చి జావ నోట్లో పోయడం మొదలుపెట్టింది. చాలన్నా చెంచా ఆగలేదు. తడిగుడ్డతో మొహం రుద్దేసింది. బాత్రూముకు వెళ్లాలంటే, ఇంకొకామెది అయినంక తీసుకపోతా, జర ఆగమంది. మధ్యాహ్నానికి అవమానంతో వెక్కివెక్కి ఏడ్చాను. అప్పుడు నర్సమ్మవ్వ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"ఏమైంది బిడ్డా నీకు?"

మూడు రోజుల్లో ఆవిడ అన్న మొదటి మాట అది. మిమ్మల్ని అడక్కుండా తెచ్చేశానవ్వా, తప్పు నాదేనండీ అన్నాను. గడపలో నిలబడిన కమలక్క గొంతు తగ్గించి అంది: "మంచిగ జూస్కునుడు వేరే, మనిషిని ఎత్కపోవుడు వేరే. గదొక్కటి నేర్సుకో, సాలు."

ఆ పూటే అవ్వ తన గదికి వెళ్లింది, స్టవ్వుతో సహా. మళ్లీ మంటలంటుకుంటే ఎలాగని అడిగాను. ఫికర్ చెయ్యొద్దంది కమలక్క. అవ్వ చాయ్ పెట్టే వేళకు రోజూ చాయ్ తాగడానికి వెళ్లమంది, నర్సులా కాదు, చుట్టంలా. వెళ్లేదాన్ని. కబుర్లు చెబుతూ, అవ్వ అటు తిరిగినప్పుడు స్టవ్వు ఆరిందో లేదో చూసుకునేదాన్ని. ఆవిడకు తెలియదనే అనుకున్నాను. ఒకరోజు గ్లాసు అందిస్తూ, "మంట ఆరింది, మల్ల సూడు. గందుకే గదా వచ్చేది" అంది. సిగ్గుతో చచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం.

వానాకాలంలో ఒక ఉదయం అవ్వ చేతులు అగ్గిపుల్ల కూడా గీయలేకపోయాయి. రెండు మూడు పుల్లలు విరిగాయి. నేను గీయబోతే వద్దంది. అగ్గిపెట్టె పక్కన పెట్టేసి, "ఇగ నాతోని గాదు. పా, లోపలికి పోదాం" అంది. ఇంకొన్నాళ్లు చూద్దామన్నాను, నాకే మనసొప్పలేదు. నేనే అంటున్న గదా అంది. పక్కబట్టలు తనే మడిచింది, తాళం తనే వేసింది. కిటికీ దగ్గరి మంచం తనే ఎంచుకుంది. ఆ పూట కడుపునిండా తిని, పచ్చడి ఇంకాస్త వెయ్యమంది. తరువాతి వేసవిలో ఆ మంచం మీదే నిమ్మళంగా వెళ్లిపోయింది.

తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో పనిచేశాను. స్పృహలో లేనివాళ్లను పక్కకు తిప్పాలన్నా ముందు చెవిలో అడిగేదాన్ని. కుర్ర నర్సులు నవ్వేవారు, నవ్వనీ. కాని కమలక్క నేర్పింది ఎంత కష్టమో మా అమ్మ మంచాన పడ్డప్పుడు గాని తెలియలేదు. అమ్మను నేనే చూసుకోవాలని మా ఇంట్లో గది సిద్ధం చేసి, కొత్త పరుపు కూడా వేయించాను. నర్సును నేనుండగా ఇంకెక్కడ ఉంటుందిలే అనుకున్నాను. చివరి నిమిషంలో ఎందుకో ఆగి, పక్కన కూర్చుని, "ఎక్కడుంటావే అమ్మా?" అని అడిగాను. తమ్ముడింట్లో ఉంటానంది. సరేనమ్మా అని, సామాను నేనే సర్దాను.