మసీదు మెట్ల మీద నాలుగు భయాలు

నా రెండెడ్ల మీద ఒట్టు వేసి చెప్తున్నాను, ఇక్కడ రాసిన ప్రతి అక్షరం నిజం. ఎడ్లు లేకపోతే బండివాడి బతుకేమవుతుందో తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద ఒట్టో తెలుస్తుంది. నా మాటలో సగం కోసి పారేసి, మిగతా సగం ఎండబెట్టుకుని వాడుకోవాలని మా ఊరివాళ్లు అంటారు. ఈసారి ఆ శ్రమ అక్కరలేదు.

మాది బచ్చన్నపేట దగ్గరి ఊరు. పత్తి బోరాలు బండికెత్తి జనగామ రైలుకు చేర్చడం నా పని. ఆ రోజుల్లో ఊళ్లోకి తుపాకులు రెండు దిక్కుల నుంచి వచ్చేవి. దొర గడీ వైపు నుంచి ఖాకీలవాళ్లు, గుట్టల వైపు నుంచి సంగపువాళ్లు. ఒకరికి అన్నం పెడితే రెండోవారికి జవాబు చెప్పుకోవాలి. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేచేవాళ్లు. బర్రెలు చేపడం మానేశాయి.

దడుపుకు మా దగ్గర మందు మసీదులో ఉండేది. పొద్దుగూకే నమాజు ముగిసే వేళకు తల్లులు చెంబు నీళ్లతో, చంకన పిల్లలతో మెట్ల దగ్గర నిలబడేవాళ్లు. ముల్లా సాబ్ బయటికి వచ్చి, పెదవుల్లోనే ఏదో చదివి, పిల్ల ముఖం మీద ఊదేవాడు, నీళ్లలో ఊదేవాడు. ఆ నీళ్లు తాగితే దడుపు పోయేది. నన్నూ మా అవ్వ అట్లాగే ఎత్తుకుపోయిందట. ముల్లా సాబ్ భార్య ఎప్పుడో పోయింది. ఒక్కతే బిడ్డ, మహబూబాబాద్‌లో కాపురం. ఆయనకు మిగిలింది ఆ మెట్లే.

ఒక సాయంత్రం నేను ఆయన పక్కన చేరాను.

“ముల్లా సాబ్, నాకు జర అరబ్బీ నేర్పుండ్రి.”

“ఎందుకురా?”

“తొవ్వల ఖాకీలోళ్లు నాకా కాడ బండి ఆపి సోదా చేస్తున్నరు. రెండు అరబ్బీ ముక్కలు ఇసిరితే ఇడుస్తరని.”

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. “ఆ నాకా మీదున్నోళ్లకు ఉర్దూనే సక్కగ రాదు. నీ అరబ్బీ ఎవనికి సమజైతదిరా? నాకొచ్చింది దడుపు పని. ఆ మాటలే నేర్పుత, నేర్సుకుంటవా?”

అట్లా నా చదువు భయంతో మొదలైంది. వస్తున్నది తెలిసి, దాన్ని చూస్తూ పడే భయం ఖౌఫ్. తెలియకుండా వెనక నుంచి వచ్చి ఒళ్లు ఝల్లుమనిపించేది ఫజఅ. ఈ మాట చివర్న గొంతు అడుగు నుంచి ఒక అక్షరం లాగాలి. నేను లాగితే ముల్లు మింగిన మేక అరిచినట్లుండేది. మెట్ల మీది తల్లులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు, చంకలోని పిల్లలు ఏడుపు ఆపేవాళ్లు. గుండె నిండిపోయి కాళ్లు కదలనియ్యనిది రుఅబ్.

“ఇంకోటుంది. వజల్. చేసిన పని యాదికొచ్చి గుండె వణుకుడు. గది నీకెందుకు తీ. నువ్వు ఉత్త మాటలోనివి, పనేం చేసినవ్ గనుక?”

ఇక ఆ మాటలు నా నోట్లో ఊరికే ఉంటాయా? జనగామ పత్తి మిల్లు ముందు బండ్లు వరుస కట్టిన చోట నేను మొదలుపెట్టాను. “నాకా కాడ ఒక్కపారి ఫజఅ అన్న. గుర్రం ఎనక కాళ్ల మీద లేసింది. మీదున్నోడు పోయి తుమ్మచెట్ల పడ్డడు. ముండ్లు పీకెతందుకు ఇద్దరు జవాన్లు పట్టిన్రు.”

నిజానికి నాకా దగ్గర నేను నోరే తెరవలేదు. బోరాలు విప్పి చూపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“గంత జోరున్న మాటనా?” అన్నాడు ఒక బండివాడు. “అయితే ముల్లా సాబ్‌కు భయం తీసుడే గాదు, పెట్టుడు గూడ వస్తదన్నట్టు.”

“రాకుంటెట్లనే!” అన్నాను. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే కాదనడానికి మనసొప్పలేదు.

ఆ మాట నా బండి కంటే ముందే ఊరు చేరింది. తర్వాత రాజ్యం మారింది, గడీ దగ్గర కొత్త పోలీసు క్యాంపు పడింది, భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మెట్ల దగ్గర చెంబులు తగ్గుతూ వచ్చాయి. మా పక్కింటామెను అడిగాను, పిల్లవాడిని తీసుకుపోవడం లేదేమని.

“ఊదితే పోతదని పోతిమి. ఊదితేనే వస్తున్నదేమో ఎవలకెరుక? గుర్రం కత చెప్పింది నువ్వే గదన్నా.”

ముల్లా సాబ్ మాత్రం రోజూ నమాజు కాగానే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు, ఎవరైనా వస్తారేమోనని. అటు పోయినప్పుడు నేను ఎడ్లను అదిలించి తొందరగా దాటేవాణ్ని.

చివరికి చావడి దగ్గర పదిమందీ కూడారు, ఆయనను ఊళ్లో ఉండనివ్వాలా వద్దా అని. పిలిస్తే వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు.

“నాకు పెట్టుడు రాదు నాయినా,” అన్నాడు. “తీసుడు గూడ నాది గాదు. మీరు నమ్మిన్రు, పోయింది. గంతే.”

అప్పుడు నేను లేచాను. “గుర్రం లేదు, తుమ్మచెట్టు లేదు. నాకా కాడ లాగు తడుపుకున్నోన్ని నేను. కత నాది, ముసలాయనను ఏమనకుండ్రి,” అన్నాను. చావడంతా గొల్లున నవ్వింది. పక్కింటామె అప్పటికప్పుడు పిల్లవాడిని తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. ముల్లా సాబ్ ఊళ్లోనే ఉండిపోయాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఒట్టు వేశాను. ఒట్టు వేసిన ఎడ్లు రెండూ కిందటేడే ముసలితనంతో పోయాయి, అందుకే అంత ధైర్యంగా వేశాను.

చావడిలో నేను లేవలేదు. అందరి వెనక, స్తంభం చాటున కూర్చుని పుల్లతో నేల గీకుతున్నాను. అడగకపోయినా లక్ష మాటలు చెప్పే నోరు ఆ ఒక్కరోజు మూసుకుంది. పిల్లవాడు రాలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయనను ఊరు విడిచిపొమ్మన్నారు. నేను కల్పించింది ఆ కాసిని వాక్యాలే. మిగిలినదంతా జరిగిందే, ఆయనను జనగామ స్టేషనుకు తీసుకుపోయింది కూడా నా బండే.

దారంతా ఆయన ఊరి వైపు తిరిగి కూర్చున్నాడు. స్టేషన్‌లో దిగి, “మాటలు యాదికున్నయారా?” అని అడిగాడు. మూడు చెప్పాను. నాలుగోదాని దగ్గర నాలుక తిరగలేదు. ఆయనకు గుర్రం కథ తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తన చెంబు తీసి, నీళ్లలో ఊది, నా చేతికిచ్చాడు.

“తాగు. దడుసుకున్నట్టున్నవ్.”

తాగాను. ఆయన రైలెక్కాడు. ఆ నీళ్లతో పోని దడుపు మా ఊళ్లో నా ఒక్కడిదే.