బావ గురక, నేను చదివిన కాగితం

మొన్న జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే పక్క బెంచీ మీద ఒక రంగుల కరపత్రం కనబడింది. అచ్చు కాగితం చేతికందితే చదవకుండా ఉండలేని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ‘గురక గాఢనిద్రకు గుర్తు, భయపడకండి’ అని మొదటి వాక్యం, దాని కింద ఏదో తైలం సీసా బొమ్మ. రెండో వాక్యం దాకా పోలేకపోయాను. నర్సు నా పేరు రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు.

మా బావ, అంటే మా పెద్దక్క భర్త, గురకలో మల్లాపూర్ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఆయన పడుకుంటే మూడిళ్ల అవతల పసిపిల్లలు లేస్తారని మా అమ్మ వేళాకోళం చేసేది. పగలు కూడా అంతే, అన్నం ముద్ద చేతిలో ఉండగానే కునికేవాడు. సొంత మేనకోడలి పెండ్లిలో తలంబ్రాల సమయానికి, అన్ని మేళాల మధ్య కూడా నిద్రపోయి, ఫోటోలో నోరు తెరుచుకుని పడ్డాడు. ఆ ఫోటో చూసి మేము ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. బద్ధకమనుకున్నాం. నిజానికి ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి, బద్ధకస్తుడైతే ఆ పని ఒక్క రోజు కూడా సాగదు. కల్లుగీతతో ఇల్లు గడవక దుబాయి పోయాడు. రెండేళ్లకోసారి వచ్చిపోయేవాడు.

ఒక ఎండాకాలం బావ సెలవు మీద వచ్చినప్పుడు, దుబాయిలో ఆయన గదిలోనే ఉండే సిరిసిల్ల మనిషి మా ఇంటికి వచ్చాడు. సిరిసిల్లవాళ్లు సాంచెలు అనే మరమగ్గాలను ఏళ్లపాటు నడిపి, కూలి గిట్టక దేశం పట్టినవాడు. ఖర్జూరం పొట్లం అక్క చేతిలో పెట్టి, బావ స్నానానికి పోయేదాకా ఆగి, మెల్లగా మొదలుపెట్టాడు.

“అక్కా, అన్నకు నిద్రల ఊపిరి ఆగుతున్నది. నాది సాంచెల చెవి. చప్పుడున్నంతసేపు మంచిగ పండుకుంట, ఒక్క సాంచె ఆగిందంటె లేసి కూసుంట. అన్న గురక గట్లనే ఆగుతది. నేను లేసి కుదుపుత, గప్పుడు ఊపిరి తీస్తడు. మల్ల పోకముందే కరీంనగర్ల పెద్ద డాక్టర్‌కు సూపెట్టున్రి. గీసారి నేను పోతలేను.”

అక్క నా వైపు తిరిగింది. ఏమీ తోచనప్పుడు మా ఇంట్లో నన్ను పిలిచేవారు. పదో తరగతి పాసైంది నేనొక్కదాన్నే కాబట్టి ఉత్తరాలు, వీసా కాగితాలు, మందుసీసాల మీది రాతలు అన్నీ నా చేతికే వచ్చేవి, నేను చదివిందే తీర్పు. ఆ గర్వం కూడా నాకు దండిగా ఉండేది. గురక తగ్గాలని అక్క కోరుట్లలో కొన్న తైలం డబ్బాలో ఒక కాగితం ఉంది. దాన్ని తీసి టీవీలో వార్తలు చదివినట్టు చదివాను. గురక బలమైన నిద్రకు గుర్తట. మధ్యలో ఆగిందంటే నిద్ర ఇంకా లోతుకు దిగినట్టట. పగటి కునుకు ఒంటి వేడివల్ల వస్తుందట. పరీక్షలేవీ అక్కరలేదు, ముక్కులో నాలుగు చుక్కలు వేసుకుంటే చాలట.

“కాగితంల గట్లున్నదా?” అన్నాడు సిరిసిల్ల మనిషి.

“అచ్చేసి ఉన్నది గద” అన్నాను.

ఆయనకు చదువు రాదు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

సంగతి విన్న బావ కూడా నన్నే అడిగాడు. “ఏం మర్దలా, డాక్టర్ దగ్గరికి పోవాల్నంటవా? ఏదన్న రోగమంటె మెడికల్ల ఫెయిల్ జేస్తరు, వీసా పోతది.”

“అద్దు బావా, గది మంచి నిద్రనేనట.”

ఆయన గుండెల మీది బరువు దిగినట్టు నవ్వాడు. తైలం సీసాలు బట్టల మధ్య సర్దుకుని విమానమెక్కాడు.

నాలుగు నెలలకు ఆయన శవం వచ్చింది. పడుకున్నవాడు తెల్లారి డ్యూటీకి లేవలేదట. గుండె ఆగిందని కాగితంలో రాశారు, ఎందుకాగిందో ఎవరూ రాయలేదు. కొత్త గదిలోవాళ్లకు ఆయన గురక ఆగితే లేపాలని తెలియదు. దినాలకు వచ్చిన సిరిసిల్ల మనిషి గోడకానుకుని నిలబడి, “నేనుంటె లేపేటోణ్ణి” అన్నాడు, అంతే. నా వైపు చూడలేదు. ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చాలా ఏళ్ల తర్వాత, వేరే ఎవరికో తోడు వెళ్లినప్పుడు ఒక డాక్టరమ్మను అడిగాను. అంత గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగలంతా కునుకు, ఇవన్నీ కలిస్తే జబ్బేనని, వెంటనే పరీక్ష చేయించాలని, దానికి వైద్యం ఉందని ఆమె చెప్పింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

అక్కకు ఇప్పుడు అరవై దాటాయి. “ఆయన గురక ఆగినప్పుడే నాకు జరంత కన్నంటుకునేది” అని ఒకసారి తనంతట తానే అంది. ఎవరొచ్చినా, “నిద్రల్నె పోయిండు, ఏ బాధ తెలువలె” అని చెప్పుకుంటుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్లు బతికింది. కొంతకాలం పోతే డాక్టరమ్మ చెప్పిన నిజం ఆమెకు చెప్పడం సులువవుతుందనుకున్నాను. పోయిన ప్రతి ఏడూ దాన్ని ఇంకాస్త కష్టం చేసింది.