తొమ్మిదో పంక్తి

నా రెండు కళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. శాసనాలు చదివేవాడికి అంతకంటే పెద్ద ఒట్టు లేదు. నన్నెరిగిన కడపవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నవ్వనీ. పెన్న వరదలో కొట్టుకుపోయిన నా తలపాగాను మొసలి తెచ్చి ఇచ్చిందన్నది వేరే సంగతి. ఇది వేరు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను బడిలో తెలుగు పండితుణ్ణి. శాసనాలు చదవడం వచ్చునని విశ్వవిద్యాలయం వారు అప్పుడప్పుడూ నన్ను పరీక్షకుడిగా వేసేవారు. ఆ వేసవిలో ఒక థీసిస్ వచ్చింది. రాసినాయన కర్నూలులో హైస్కూలు మాస్టరు, సాయెబు. పూర్వం మా సీమ చెరువుల కింద నీళ్ళు ఎలా పంచుకునేవారో శాసనాల్లోంచి ఏరి రాశాడు. ఏడేళ్ళ పని. అప్పటికే ఇద్దరు పరీక్షకులు ఒకరి మాట ఒకరికి తెలియకుండా, లక్క ముద్ర వేసి రిపోర్టులు పంపారు. ఆ రెండూ పొసగలేదు. అలాంటప్పుడు మూడోవాణ్ణి పిలుస్తారు. మొదటి ఇద్దరూ ఏమన్నారో అతనికి చెప్పరు. ఆ మూడోవాణ్ణి నేను. ఉత్తరంలో ఒకటే ప్రశ్న: గండికోటలోని ఫలానా శాసనంలో పంక్తులు ఎన్ని?

మాస్టరు తొమ్మిది అన్నాడు. చెరువు నీళ్ళు వంతుల ప్రకారం వదిలే నీరుగంటికి ఒక మడి మాన్యం ఇచ్చినట్టు తొమ్మిదో పంక్తిలో ఉందట. థీసిస్ సగం ఆ మడి మీదే నిలబడింది. కానీ ఆయన రాతిమీద తడికాగితం పరిచి, సిరా అద్ది తీసిన అచ్చులో ఎనిమిది పంక్తులే లేచాయి. కింద ఒట్టి మసక. తొమ్మిదోది లేదంటే ఆయనే పుట్టించాడన్నమాట. డిగ్రీ పోతే పోయింది, లేని శాసనం రాశాడన్న పేరుతో ఏ బడిలో పాఠం చెబుతాడు?

అచ్చు చూసి ఇంట్లోనే తేల్చేయవచ్చు. కానీ సెలవులు, ఇంటినిండా వియ్యాలవారి చుట్టాలు. పోయి చూడటమే నయమనిపించింది.

ముద్దనూరు దాకా రైలు, జమ్మలమడుగు దాకా బొగ్గుతో నడిచే బస్సు, అక్కడ రాత్రి పడుకొని తెల్లవారుజామున ఎద్దులబండి. బండివాడు ముసలివాడు, కోట వాకిలి దగ్గరే ఆపేశాడు.

"ఎండ నెత్తికెక్కినాక లోపల ఒంటిగా ఉండొద్దు సామీ," అన్నాడు. "ఉన్నా, ఎవురన్నా పలకరిస్తే పలకొద్దు."

"పలికితే?"

"ఏమో సామీ. పలికినోళ్ళెవురూ నాకు చెప్పల్యా."

శాసనం తూర్పు ముఖంగా నిలబెట్టిన రాయి. పొద్దుటి ఎండ సూటిగా పడుతోంది. వేలు పెట్టి చదివాను. ఎనిమిది పంక్తులు, కింద నున్నటి రాయి. మూడుసార్లు లెక్కపెట్టి పుస్తకంలో ఎనిమిది అని రాసుకున్నాను. కొలతలు తీసుకునేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. చుట్టూ కూలిన గోడలు, అవతల లోయ. లోయలో నీళ్ళ చప్పుడు లేదు, పైన కాకి అరుపు లేదు. పుస్తకం మూయబోతుంటే వెనకనుంచి మాట వినబడింది.

"ఎనిమిది రాసుకుంటివా అయివోరా?"

తిరిగి చూశాను. పంచె ఎగగట్టిన మనిషి, చేతిలో తడిగుడ్డ, మోకాళ్ళదాకా పచ్చి బురద. ఆ కొండమీదికి తాగే నీళ్ళు బండిలో తెచ్చుకున్నవాణ్ణి నేను. అతనికి నీడ ఉందేమోనని చూశాను. లేదు. ఆ వేళకు నాకూ లేదు లెండి.

బండివాడి మాట గుర్తుండి కూడా పలికాను. పండితుడి నోరు ఆగదు. ఉన్నవే రాసుకున్నానన్నాను.

"ఇంగ రోంతసేపు ఉండప్పా, తొందరేముండాది," అంటూ అతను రాతి అడుగుభాగం తుడిచాడు.

ఎండ ఇప్పుడు సూటిగా పడటం లేదు. రాతి ముఖాన్ని రాసుకుంటూ పైనుంచి కిందికి జారుతోంది. నున్నగా ఉన్నచోట మొదట ఒక కొమ్ము, తర్వాత ఒక సున్న, నీడతో నిండుతూ అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. రాతి లోపల కూర్చుని ఎవరో రాస్తున్నట్టుంది. 'నీరుగంటికి' అన్నంతవరకూ చదివాను. మిగతాదీ మాస్టరు రాసింది రాసినట్టే. ఒక బీడీ కాల్చేంతసేపు ఉండి, ఎండ అవతలికి దాటగానే మాసిపోయింది. ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేశాను.

"కర్నూలు అయివోరు బతికిపాయ," అన్నాడు అతను. "ఆ పక్కరాయి సంగతేంది? రెండేండ్ల కిందట ఇంగొకాయప్ప ఆడ కూచోని శానా దినాలు రాసుకుంటాండె. ఆయప్పది చూడనీకి ఎవురూ రాకపోతిరే."

ఆ రెండో ఆయన థీసిస్‌కూ నేనే పరీక్షకుణ్ణి. అదీ అచ్చులో కనబడని పంక్తే. మా అరుగు మీద కూర్చుని, అచ్చులో లేనిది రాతిలో లేదని ఒక్క వాక్యం రాసి తాంబూలం వేసుకున్నాను. థీసిస్ పోయింది.

"ఒకని మడికి నిండా వదిలి, ఇంగొకని మడికి సగమే వదిలితే ఊరు ఊకుంటాదా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే.

పక్కరాయిది పడమటి ముఖం. ఎండ అప్పుడే దానిమీదికి వాలుతోంది. పోయి నిలబడ్డాను. నేను లేదన్న పంక్తి ఉంది. తిరిగి చూస్తే మనిషి లేడు. బండమీద తడి అడుగులు ఆరిపోతున్నాయి.

రెండు రాళ్ళకూ రెండు రిపోర్టులు పంపాను. మాస్టరుకు డిగ్రీ వచ్చింది. రెండోదానికి జవాబు వచ్చింది: ప్రకటించిన ఫలితం మార్చరు, అభ్యర్థి కావాలంటే మళ్ళీ సమర్పించుకోవచ్చు. ఆయన సమర్పించలేదు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. బురదకాళ్ళ మనిషిని నేను కల్పించాను. తొమ్మిదో పంక్తి లేవడం నిజం. చూసింది నేనొక్కణ్ణే. పక్కరాయి ఎవరి థీసిస్‌లోదో నాకు చూడగానే తెలుసు. ఎండ దానిమీదికి వస్తోందనీ తెలుసు. అయినా దాని దగ్గరికి పోకుండా బండెక్కి వచ్చేశాను. మళ్ళీ పోయి చూడటానికి నెల పట్టింది. ఆ నెలంతా బడిలోనో, బజార్లోనో ఎవరో ఒకరు ఆ పక్కరాయి సంగతేమిటని అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు.