ఊతపదం లేని పాఠం

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి ఉన్నంత ఓపిక ఆ వృత్తిలో ఇంకెవరికీ లేదు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. "అదేంటంటే... మరి... ఇప్పుడూ..." అని మూడు మెట్లూ ఎక్కితే గాని ఆయన మాట బయటికి రాదు. స్టీరింగు తిప్పమని చెప్పేసరికి కారు గోడకి ముద్దు పెట్టేసేది. దాని ఎడమ పక్క సొట్టలన్నీ ఆయన ఊతపదాల పుణ్యమే. శిష్యులు చాటుగా 'అదేంటంటే మాస్టారు' అనుకునేవారు. ఆయనకీ తెలుసు, పట్టించుకునేవారు కాదు.

పట్టించుకోక తప్పని రోజు భార్య వల్ల వచ్చింది. ఆమె నర్సు. ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకి కట్లు కట్టే ఉద్యోగం కుదిరింది. ఎన్నేళ్ళుగానో కోరుకున్న పని. మూడు వారాల్లో లైసెన్సు చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"మీ దగ్గరే నేర్చుకుంటానండీ. కానీ మీరు అదేంటంటే అన్నప్పుడల్లా బండి పక్కకి తీసి ఆపేస్తా," అంది.

"అదేంటంటే... మరి..."

"ఇంకా ఎక్కనేలేదు మహానుభావా!"

మొదటి రోజు ఇంటి నుంచి మందుల షాపు దాకా వెళ్ళేలోపు పదకొండుసార్లు ఆపింది. వెనక వ్యాన్ వాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. అంతదాకా ఆగే తీరిక ఆమెకి లేదు.

రెండో వారానికి ఆయనకి కిటుకు దొరికింది. మాట సిద్ధంగా లేకపోతే పెదాలు బిగించి ఒక్క ఊపిరి తీసుకోవడం. ఆ ఖాళీని మొదట భరించలేకపోయారు. కారులో నిశ్శబ్దంగా ఉంటే శిష్యులు భయపడతారని ఇన్నేళ్ళూ ఆయన నమ్మకం. భయం తనదేనని తెలిసి సిగ్గేసింది. ఆయన నోరు మూసుకున్న కాసేపట్లోనే ఆమె తనంతట తానే అద్దం చూసింది, వేగం తగ్గించింది, సైకిలు మీది పిల్లకి దారిచ్చింది. ఇంతకాలం శిష్యుల్ని రోడ్డు చూడనివ్వంది తన మాటలేనన్నమాట.

పరీక్ష రోజున మాస్టారు లైసెన్సుల ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్నారన్న మాటే గాని కాలు నిలవలేదు. ఇరవై నిమిషాలకి ఆమె తిరిగి వచ్చి, రెండు కార్ల మధ్యకి వెనక్కి తీసి ఒక్క ఊపులో నిలిపింది. అధికారి దిగి, కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు. పాసయింది.

మాస్టారు వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. ఆమె స్టీరింగు వదిలి ఆయన వైపు తిరిగింది.

"ఏదైనా అనండీ."

ఆయన ఊపిరి తీసుకున్నారు. "ఇంతమందికి నేర్పాను, నీ అంత బాగా ఎవరూ నడపలేదు. రేపట్నుంచి ఈ సీట్లో నా అవసరం లేదు. సంతోషంగానే ఉంది, కాస్త దిగులుగానూ ఉంది."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన తన మనసులో మాట ఇలా తడుముకోకుండా చెప్పడం ఆమె ఎన్నడూ వినలేదు. కళ్ళు తుడుచుకుని బండి స్టార్ట్ చేసింది.

"ఆదివారాలు నాకు సెలవేగా, వచ్చి కూర్చోండి. ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు."