హరిలాల్ కారు మీది పొర

మిర్యాలగూడలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో హరిలాల్ బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఊకను మంటలోకి తోస్తున్నాడు. దాని బూడిద పొగగొట్టంలోంచి లేచి ఊరి మీదికి పోతోంది. అది ఎవరి నెత్తిన పడుతోందో ఏనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. తెల్ల కారు కొన్న మర్నాడు మాత్రం మిల్లు వాకిట్లో నిలబడి, మెడ పట్టేసేదాకా పైకి చూశాడు. గాలి సరిగ్గా తన ఇంటివైపే వీస్తోంది.

తండాలో పుట్టి, సగం జీవితం సైకిలు మీద గడిపి, నలభై ఆరో ఏట కొన్న కారు అది. ఆ కారు గుమ్మంలోకి రావడం, తన బుద్ధి గుమ్మం దాటి పోవడం ఒకే రోజు జరిగాయని ఇప్పుడతనే చెప్పి నవ్వుతాడు. అప్పుడు నవ్వే తీరిక లేదు. మూడో రోజే సూర్యాపేటకు తీసుకుపోయి, హైవే పక్కన దుకాణం పెట్టుకున్న ముఖేష్‌తో బానెట్‌కు, బంపర్లకు, నాలుగు డోర్లకు పొర వేయించాడు. అద్దంలాంటి పొర. కంటికి ఆనదు. కింద ఉన్న రంగు మీద గీత పడకుండా కాపాడుతుంది.

తాళాలు చేతికిస్తూ ముఖేష్ నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. "అన్నా, వారం దాకా కడగకు. పొర కింద నీటి బుడగలుంటే గోరుతోని గీకకు, అవే ఆరిపోతయ్. దుమ్ము పడితే పొడిగుడ్డ పెట్టి రుద్దకు, ముందుగాల నీళ్లు పోసి జారనియ్యి. పిట్టలు రెట్ట ఏస్తే ఎండకముందే తడిపి తియ్యి. ప్రెషర్ పైపు మాత్రం అంచుల మీద కొట్టకు, పొర లేస్తది." సన్నటి గీతలు పడితే వేడినీళ్లు పోస్తే చాలు, వాటంతటవే కలిసిపోతాయని కూడా చెప్పాడు.

హరిలాల్ ఇదంతా కాగితం మీద రాసుకొని ఫ్రిజ్‌కు అంటించాడు. సబ్బునీళ్లకొక బకెట్, మంచినీళ్లకొక బకెట్, మెత్తటి గుడ్డలు ఆరు కొన్నాడు. నీడ చూసి, పైనుంచి కిందికి, పసిపిల్లకు స్నానం చేయించినట్టు కడిగేవాడు. అతని భార్య సుధ అంగన్‌వాడీ టీచరు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఈ మనిషి ఒక్క గిన్నె తోమలేదని, చేతులున్నాయని తనకు ఇప్పుడే తెలిసిందని పక్కింటి అలివేలుతో అంది.

ఒకరోజు హరిలాల్ ఆ అలివేలు దగ్గరే బాధ వెళ్లబోసుకున్నాడు. పొద్దున కడిగితే మధ్యాహ్నానికి బానెట్ నిండా నల్లటి చుక్కలు, మిల్లులవాళ్లకు బొత్తిగా బాధ్యత లేదని అన్నాడు. అలివేలు డాబా మీద ఆరేసిన బట్టలు దులుపుతూ అతని వంక తీరిగ్గా చూసింది.

"ఇరవై ఏండ్ల సంది మా బట్టల మీద పడుతున్నది నువ్వు పంపిన బూడిదే కదన్నా. అప్పుడు నీకు కండ్లు లేకుండెనా?"

హరిలాల్ బకెట్ తీసుకొని లోపలికి వచ్చేశాడు.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, లేదు. గాజులు తగిలితే పొర గీసుకుపోతుందని, కారెక్కే ముందు అవి తీసి సంచీలో వేసుకోమని సుధకు చెప్పాడు. ఆమె రెండుసార్లు తీసింది. మూడోసారి, కోదాడలో తన చెల్లెలు అనూష గృహప్రవేశానికి బయల్దేరేటప్పుడు, చెప్పులేసుకొని బస్టాండుకు నడిచింది. అడ్డం పోవడానికి హరిలాల్‌కు పౌరుషం అడ్డొచ్చింది. వదిలేయడానికి భయం వేసింది. అందుకని హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దాకా ఆమె ఎక్కిన బస్సు వెనకాలే కారు నడిపాడు. బస్సు లేపిన దుమ్మంతా కారు తాగింది. బస్సు వెనక సీట్లో కూర్చున్న సుధ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగింది.

ఆ మట్టికారుతో చుట్టాల ముందుకు పోవడానికి మనసొప్పలేదు. కోదాడలో ఒక వాషింగ్ సెంటర్ దగ్గర ఆగాడు. అక్కడి మనిషి పైపు అందుకుంటే, నీకు తెలియదు ఇలా ఇవ్వమని లాక్కున్నాడు. ఫ్రిజ్ మీద కాగితం అక్షరం పొల్లుపోకుండా నోటికొచ్చు. అయినా తొందరలో బానెట్ అంచు మీద అతుక్కున్న మట్టి గడ్డకు గురిపెట్టి కొట్టాడు. గడ్డ పోయింది. దానితో పాటు జానెడు పొర లేచి, గాలికి టపటపా కొట్టుకుంది.

గృహప్రవేశానికి చేరేసరికి భోజనాల ఆఖరి బంతి నడుస్తోంది. చల్లారిన అన్నం తిని, ఒక మూల కూర్చున్నాడు. సాయంత్రం అనూష వాళ్లు హరిలాల్ అత్తగారైన సాలిని నడిగూడెం దగ్గర తండాలో దింపిరమ్మన్నారు. కారు దగ్గరికి వచ్చి చూస్తే ఆమె డోరుకు బారెడు దూరంలో నిలబడి ఉంది. పాతకాలపు మనిషి. మోచేతుల పైదాకా తెల్లటి గాజులు. రెండు చేతులకూ కట్టు కట్టినట్టు తువ్వాళ్లు చుట్టుకుంది. చేతులకేమైందత్తా అని హరిలాల్ కంగారుగా అడిగాడు.

"ఏం కాలే బిడ్డా," అంది సాలి. "నా గాజులు తగిల్తే నీ బండికి గీతలు పడ్తయంట కద. ఇవి తియ్యరావు. పెండ్లినాడు ఏసినయి. నువ్వే డోర్ తియ్యి, ముట్టకుండ కూసుంట."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే హరిలాల్ తట్టుకునేవాడే. గేటు దగ్గర నిలబడ్డ సుధ ముఖం పక్కకు తిప్పుకుంది. ఒక ముసలమ్మను తన కారుకు భయపడేటట్టు చేశానని అనిపించి అతనికి చెవులు వేడెక్కాయి. దగ్గరికి పోయి తువ్వాళ్లు తనే విప్పాడు. తర్వాత ఆమెను చేయిపట్టుకొని ముందుకు తీసుకుపోయి, లేచిన పొర చూపించాడు.

"సూడత్తా. పంతొమ్మిదేండ్ల సంది నీ బిడ్డ గాజులు చెయ్యని నష్టం నేను ఒక్క నిమిషంల చేసిన."

సాలి ఆ పొరను వేళ్లతో పట్టుకొని చూసి, పాము కుబుసం లెక్క ఉందని నవ్వింది. తర్వాత ముందు సీటులో కూర్చుని డోరు గట్టిగా వేసుకుంది. సుధ కూడా వచ్చి వెనక కూర్చుంది. గాజులు చేతులకే ఉన్నాయి. దారిపొడుగునా తల్లీకూతుళ్లు లంబాడీలో మాట్లాడుకుంటూ నవ్వుతూనే ఉన్నారు. చాలామటుకు తన గురించేనని తెలిసినా హరిలాల్ రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాడు.

మరుసటి వారం ముఖేష్ బానెట్ మీది పొర మొత్తం ఊడదీసి కొత్తది వేశాడు. అంచు ఎట్లా లేచిందని అడిగితే హరిలాల్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పైపు ఎవరి చేతిలో ఉన్నా ఫిర్యాదు మాత్రం వాషింగ్ సెంటర్ మీదే వస్తుందని, నిజం చెప్పిన మొదటి గిరాకీ నువ్వేనని ముఖేష్ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు అందుకోవడానికి హరిలాల్‌కు కొంచెం సిగ్గేసింది.

కారు మీద ప్రేమ తగ్గిందని కాదు. ఇప్పటికీ ఆదివారం నీడలో పెట్టి, మెత్తగా కడుగుతాడు. కాకపోతే కోదాడ అంగడికి పోవాలనుకున్నప్పుడల్లా సాలి ఫోన్ చేస్తుంది, సెలవైతే వెళ్తాడు. పోయిన నెల ఆమె రెండు మేకపిల్లలను వెంటతెచ్చి, ఇవి ఎక్కడ కూర్చోవాలని అడిగింది. హరిలాల్ వెనక సీటు మీద గోనెసంచి పరిచాడు.