మామ చిటికెనవేళ్ళకు అత్త మెట్టెలు

మా అత్త సొన్నమ్మ మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది. రాయల్పాడు దగ్గర మా ఊళ్ళో పట్టుపురుగులు పెంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. పట్టుగూళ్ళు బాగా రావాలంటే అందరూ మా అత్తనే అడుగుతారు. అడగకపోయినా చెబుతుంది. ఆవని అనే ఊరి నుంచి కోడలిగా వచ్చిన రోజే వాళ్ళ అత్తకు పురుగుల పెంపకం నేర్పిందట!

పోయిన వానాకాలం ఆశా కార్యకర్త పాముకాటు మీద మీటింగు పెడితే ముందు వరుసలో కూర్చుంది. ఇక ఊరికి ఆమెతో వేగడం కష్టమైంది. డెయిరీలో పాలు పోయడానికి వెళ్ళినా అదే పాఠం. "కరిస్తే కదలొద్దు. తాడు బిగించొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు తీసెయ్యాల, వాపొస్తే బిగుసుకుంటాయి. మంత్రగాడి దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాల!" కోడలినని నా చేత అప్పజెప్పించుకునేది కూడా. తప్పు చెబితే ఆ రోజు నా సంగటికి వంక పెట్టేది.

పురుగుల ఇంట్లోకి చెప్పులతో వస్తే మాత్రం ఆమె ఊరుకోదు. పురుగులకు జబ్బు తగులుతుందని అందరం వాకిట్లోనే విడిచి వెళ్ళాలి. ఆ పొద్దున అత్త అలాగే ఒట్టి కాళ్ళతో వచ్చి, గుమ్మం పక్కన కుప్పేసిన మల్బరీ కొమ్మల మీద కాలు పెట్టింది. రక్తపింజరి పాము కుడికాలి మీద కాటేసి కొమ్మల కిందికి జారిపోయింది.

కదలొద్దని ఊరందరికీ చెప్పిన మనిషి ఆ చివరి నుంచి ఈ చివరికి గంతులేయడం మొదలుపెట్టింది. "చచ్చినానే శశికళా! పురుగులకు ఆకెయ్యండే!"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె మీద అరిచాను. "అత్తా! కదిలినావంటే చూడు ఇంగ! పడుకో!"

ఠక్కున పడుకుంది. నేనే నమ్మలేకపోయాను. ఇంతలో పక్కింటి బచ్చప్ప తాడూ బ్లేడూ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పడుకున్నచోటి నుంచే అత్త గద్దించింది. "మీటింగుకు రాకుండా యాడికి పోయినావప్పా నువ్వు? అవతల పారెయ్ వాటిని!"

కాళ్ళ పట్టీలు తీయనిచ్చింది. మెట్టెల మీద చెయ్యి వేసేసరికి మళ్ళీ మొదలు.

"ముట్టుకోవద్దు! మొగుడు బతికుండంగా మెట్టెలు తీస్తారా ఎవురైనా? ఆయనకేమన్నా అయితే?"

"నువ్వే చెప్పినావు గదత్తా, వాపొస్తే బిగుసుకుంటాయని!"

"ఉంగరాలని చెప్పినా. మెట్టెలని చెప్పినానా?"

కాలు కళ్ళ ముందే ఉబ్బుతోంది. ఇంకాసేపైతే మెట్టెలు వేళ్ళను కోసేసేలా ఉన్నాయి. మా ఆయన గిరీశ్ టెంపో తెచ్చి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అప్పుడు కదిలాడు మా మామ ఆదినారాయణప్ప. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ ఆయన. అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, సబ్బునురుగు రాసి, ఆ కాలి మెట్టెలు రెండూ మెల్లగా లాగాడు. లాగి తన చిటికెనవేళ్ళకు తొడుక్కున్నాడు.

"చూడుమే, యాడికీ పోలేదు. నా ఒంటిమీదుంటే నీ ఒంటిమీదున్నట్లే. ఇంగ నోరు మూసుకో."

ఆ మాట మామ నోట వినడం మాకందరికీ అదే మొదలు. కాలికి వెదురుబద్ద ఆన్చి, పాత చీరముక్కతో వదులుగా కట్టి, మంచంతో సహా టెంపోలోకి ఎక్కించాం. శ్రీనివాసపురం పెద్దాసుపత్రి చేరేదాకా ఆమె "ఆకు తడిపినారా?" అనడం, నేను "కదలొద్దు" అనడం. లోపల మాత్రం తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

ఆసుపత్రిలో విరుగుడు మందు ఎక్కించారు. అయినా రెండు రోజులు అత్త నోట మాట లేదు. ఆ అరుపులంటే నాకెంత ఇష్టమో అప్పుడు తెలిసింది. వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. మామ మాత్రం మంచం పక్కనే మెట్టెల చేతులతో కూర్చున్నాడు. నర్సులు ముసిముసిగా నవ్వుకున్నా, అన్నం కలిపేటప్పుడు కూడా వాటిని తీయలేదు.

మూడో పొద్దున అత్త కళ్ళు తెరిచి, "నా మెట్టెలేవి?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అత్త కాలి వాపు పూర్తిగా దిగాక, మామ వేలి నుంచి ఒక మెట్టె తేలిగ్గానే వచ్చింది. రెండోది రానే రాలేదు. ఈసారి వాచింది మామ వేలు! నర్సమ్మ సబ్బు తెచ్చింది, గిరీశ్ లాగాడు, వార్డంతా మూగి తలా ఒక సలహా ఇచ్చింది. అత్త నవ్వలేక చచ్చింది. "నిన్ను యాడ కరిసిందయ్యా పాము? తీసి జోబులో పెట్టుకోవచ్చు గదా!"

"తీస్తే నీకేమన్నా అయితాదేమోనని..." అన్నాడు మామ.

అత్త నవ్వు ఆగిపోయింది. మెట్టె ఊడి వచ్చాక కాలు చాపింది. అందరి ముందూ ఆయన నేలమీద కూర్చుని తొడిగాడు.

ఇప్పుడు మా పురుగుల ఇంటి గుమ్మంలో, లోపలికి మాత్రమే వాడే కడిగిన గమ్‌బూట్లుంటాయి. కర్రతో తట్టకుండా కొమ్మలు ముట్టుకుంటే తిట్లే. అత్త ఉపన్యాసం మళ్ళీ మొదలైంది, ఇంకాస్త పెద్దదైంది. "ఆడోళ్ళూ, బాగా ఇనండి. కాలికి కరిస్తే ముందు మెట్టెలు తీసెయ్యండి. మొగుళ్ళకేం కాదు. నమ్మకం లేకుంటే ఇదో, నా మొగుణ్ణి చూడండి!"

అనగానే మామ సిగ్గుపడుతూ లేచి, మెట్టె ముద్ర ఇంకా చెరగని చిటికెనవేలు అందరికీ ఎత్తి చూపిస్తాడు.